సభలో ప్రశ్న ఎవరి బాధ్యత?

తర్కశాస్త్రానికి మూలమైన గౌతముడి న్యాయసూత్రాలు ఐదు అధ్యాయాలు. ఐదో అధ్యాయం చివర, అంటే గ్రంథం ముగిసే చోట, వాదంలో మనిషి ఏయే విధాలుగా ఓడిపోతాడో చెప్పే పట్టిక ఉంది. వాటిని నిగ్రహస్థానాలు అంటారు. మొత్తం 22. మొదట చెప్పిన మాటను మధ్యలో వదిలేయడం, అడిగినదానికి సంబంధం లేని సంగతి ఎత్తుకోవడం, చెప్పిందే మళ్లీ చెప్పడం, జవాబు తోచక నిలబడిపోవడం అందులో ఉన్నాయి. వేరే పని ఉందంటూ చర్చను సగంలో ఆపి వెళ్లిపోవడమూ ఓటమే. అయితే ఈ పట్టికలో ఆగి చదవాల్సినవి మరో రెండు. ఎదుటివాడు తప్పు చేసి దొరికినా ఎత్తిచూపకుండా ఊరుకున్నవాడు ఓడినట్టే. లేని తప్పును అంటగట్టినవాడూ ఓడినట్టే.

మొదటిదాన్ని ఇంకోసారి తలచుకోవాలి. తప్పు చెప్పినవాడితోపాటు, ఆ తప్పును విని మౌనంగా ఉన్నవాడి మీద కూడా దోషం మోపింది ఈ శాస్త్రం. వాదానికి కూర్చున్నాక అడగడం బాధ్యత. మర్యాద కోసం మానేయడానికి అక్కడ వీల్లేదు.

ఈ కొలతతో మన విశ్వవిద్యాలయాల సెమినార్ హాళ్లను చూస్తే మనసు కలుక్కుమంటుంది. జిల్లా కేంద్రంలోనో, దానికి కాస్త దూరంగా హైవే పక్కనో ఉన్న ఏ ప్రాంగణంలోనైనా దృశ్యం ఇంచుమించు ఒకటే. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ, ముందు వరసలో అతిథులు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనాగీతం, పుష్పగుచ్ఛాలు, శాలువాలు, మెమెంటోలు. ముఖ్య అతిథి ప్రసంగం అయ్యేసరికి పదకొండున్నర. టీ విరామం తర్వాత పరిశోధక విద్యార్థుల వంతు వస్తుంది. మూడేళ్లు, నాలుగేళ్లు ఊళ్లు తిరిగి, తాళపత్రాలు వెతికి, ప్రయోగశాలలో రాత్రులు గడిపి తెచ్చిన పనిని పది నిమిషాల్లో చెప్పాలి. ప్రొజెక్టర్ మీద స్లయిడ్లు పరుగెడుతుంటాయి. అధ్యక్ష స్థానంలో ఉన్నవారు గడియారం చూపిస్తారు. ఒక అమ్మాయి చివరి నాలుగు స్లయిడ్లను దాటేసి ‘థ్యాంక్యూ’ అన్న స్లయిడ్ దగ్గర ఆగుతుంది. ఆ దాటేసిన నాలుగింటిలోనే ఆమె కనిపెట్టింది ఉంటుంది. సమయాభావం వల్ల ప్రశ్నలు తర్వాత చూసుకుందామంటారు. చప్పట్లు. వందన సమర్పణ. సర్టిఫికెట్లు.

ఆ హాల్లో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. విద్యార్థిని నలుగురిలో ఇబ్బంది పెట్టకూడదన్న దయ ఉంది, తోటి ఆచార్యుడి శిష్యురాలిని అడిగితే ఆయన నొచ్చుకుంటారేమోనన్న మొహమాటం ఉంది. అయినా ఆ అమ్మాయి వచ్చినప్పుడు ఏం తెలుసో, వెళ్లేటప్పుడూ అంతే తెలుసు. ఆమెకు జరిగిన నష్టం అది.

నిబంధనల దృష్టి వేరేలా ఉంది. యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం పరిశోధక విద్యార్థి ప్రతి సెమిస్టర్‌లో సలహా సంఘం ముందు తన పని చెప్పాలి. సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు ఇచ్చే ప్రసంగానికి ఆచార్యులు, తోటి పరిశోధకులు, ఇతర విద్యార్థులు ఎవరైనా రావచ్చు. వైవా కూడా బహిరంగమే. 2016 నిబంధనల్లో పత్రికలో ఒక వ్యాసం అచ్చు కావాలనీ, సదస్సుల్లో రెండు పత్రాలు చదవాలనీ ఉండేది. 2022లో ఆ నిర్బంధం తీసేశారు. నలుగురి ముందు నిలబడి చెప్పే ప్రసంగాన్ని మాత్రం తీసేయలేదు. ఎందుకు ఉంచినట్టు?

ఇక్కడ ఒక పాత తాత్విక ప్రశ్న ఎదురవుతుంది. సత్యానికి సభ ఎందుకు? తాను కనుగొన్నది నిజమైతే పదిమంది ఒప్పుకోకపోయినా నిజమే, అబద్ధమైతే పదిమంది చప్పట్లు కొట్టినా అబద్ధమే. అలాంటప్పుడు దాన్ని పదిమంది మధ్యకు ఎందుకు తేవాలి?

ఈ అభ్యంతరం చిన్నది కాదు. మన సంప్రదాయంలోనే దానికి గట్టి మద్దతు ఉంది. దక్షిణామూర్తి మర్రిచెట్టు కింద మౌనంగానే వృద్ధ శిష్యుల సందేహాలు తీర్చాడంటారు. అరుణాచలంలో రమణ మహర్షి సన్నిధికి వెళ్లిన చాలామంది తమకు మాట కంటే ఆయన మౌనమే ఎక్కువ చెప్పిందని రాసుకున్నారు. అనుభవం వాదానికి లొంగదని భక్తులు అంటారు. ఇంకో అభ్యంతరం శ్రద్ధ వైపునుంచి వస్తుంది. గురువు చెప్పినదాన్ని పదేపదే ప్రశ్నించేవాడికి విద్య అబ్బదని పెద్దలు చెబుతూ వచ్చారు. ఈ రెండింటినీ తోసిపుచ్చి ముందుకు వెళ్లడం న్యాయం కాదు.

మొదటి అభ్యంతరానికి జవాబు జ్ఞానం గురించి మన దర్శనకారులు చేసిన వాదంలో దొరుకుతుంది. ఒక జ్ఞానం సరైనదని ఎలా తెలుస్తుంది అన్న విషయంలో మీమాంసకులకూ, న్యాయదర్శనం వారైన నైయాయికులకూ వందల ఏళ్లు పోరు నడిచింది. జ్ఞానం పుట్టడంతోనే తన ప్రామాణ్యాన్ని వెంట తెచ్చుకుంటుంది, బాధకం ఎదురయ్యేదాకా దాన్ని నమ్మాలి అన్నాడు కుమారిలభట్టు. అలా కుదరదు, అది సరైనదో కాదో వేరే ఆధారంతో తేల్చుకోవాలి అన్నారు నైయాయికులు. ఇంత దూరంగా నిలబడిన ఇద్దరూ ఒక చోట కలుస్తారు. జ్ఞానం తప్పయితే, ఆ తప్పు బయటినుంచే తెలియాలి. చీకట్లో తాడును పాముగా చూసినవాడికి ఆ క్షణంలో అది పామే. తన చూపులో లోపం ఉందని ఆ చూపే చెప్పదు. ఇంకో చూపు కావాలి, దీపమో, పక్కమనిషి మాటో కావాలి.

పరిశోధకురాలి పరిస్థితీ ఇదే. నాలుగేళ్లు ఒకే విషయంతో కాపురం చేసిన మనిషికి తన వాదంలో ఎక్కడ పగులు ఉందో కనపడదు. సత్యానికి సభ అక్కర్లేకపోవచ్చు, సత్యాన్ని వెతికే మనిషికి కావాలి. మహర్షి మౌనం పరిశోధన గ్రంథానికి వర్తించకపోవడానికి కారణమూ ఇదే. ఆయన తన అనుభవాన్ని ఇతరుల చేత ఒప్పించడానికి కూర్చోలేదు. సిద్ధాంత గ్రంథం మాత్రం లోకాన్ని ఉద్దేశించి ‘ఇది ఇలా ఉంది’ అంటుంది. అలా అన్న మాటకు ‘నీకెలా తెలుసు’ అని అడిగే హక్కు లోకానికి ఉంది. పైగా రమణులు కూడా తన దగ్గరికి వచ్చినవారి ప్రశ్నలకు ఓపిగ్గా జవాబులు చెప్పారు. ఆ సంభాషణలు పుస్తకాలుగా ఉన్నాయి.

శ్రద్ధ గురించిన అభ్యంతరానికి జవాబు చెప్పాలంటే ఉపనిషత్తుల్లోకి వెళ్లాలి. ఛాందోగ్యం ఐదో అధ్యాయంలోని కథ ప్రతి విశ్వవిద్యాలయంలోనూ గైడ్లూ స్కాలర్లూ కలిసి చదవాల్సింది.

శ్వేతకేతువు పాంచాలుల సభకు వెళ్లాడు. రాజు ప్రవాహణ జైవలి అడిగాడు, కుర్రవాడా, మీ నాన్న నీకు చదువు చెప్పాడా అని. చెప్పాడన్నాడు శ్వేతకేతువు. రాజు వరసగా ఐదు ప్రశ్నలు వేశాడు. చనిపోయినవారు ఎక్కడికి వెళతారు? ఎలా తిరిగి వస్తారు? దేవయానం, పితృయానం ఎక్కడ విడిపోతాయి? ఇంతమంది పోతున్నా ఆ లోకం ఎందుకు నిండిపోదు? ఐదో ఆహుతిలో జలం పురుషుడెలా అవుతుంది? ఐదింటికీ ఒకే జవాబు, తెలియదు. మరి చదువు పూర్తయిందని ఎలా చెప్పుకున్నావు అన్నాడు రాజు.

కుర్రవాడు కుమిలిపోతూ ఇంటికొచ్చాడు. చదువంతా చెప్పేశానని నాతో అన్నారే, ఆ రాజు అడిగిన ఐదింట్లో ఒక్కటీ చెప్పలేకపోయాను అని తండ్రిని నిలదీశాడు. తండ్రి ఉద్దాలక ఆరుణి సామాన్యుడు కాడు. తర్వాతి అధ్యాయంలో మర్రిపండును పగలగొట్టించి, ఉప్పును నీళ్లలో కలిపించి ఇదే కొడుక్కి తత్త్వం బోధించినది ఆయనే. అంతటివాడు ఏమన్నాడు? కొడుకు సరిగా వినలేదనలేదు, రాజు ప్రశ్నలు అప్రస్తుతమనలేదు. ఇవి నాకూ తెలియవు, తెలిస్తే నీకు చెప్పకుండా ఉంటానా అన్నాడు. అన్నవాడు అక్కడితో ఆగలేదు. తానే బయలుదేరి రాజు దగ్గరికి వెళ్లాడు. రాజు సంపద ఇస్తానంటే, అది నీ దగ్గరే ఉండనీ, నా కొడుకును అడిగిన మాటేదో అది నాకు చెప్పు అన్నాడు. పేరుమోసిన ఆచార్యుడు విద్యార్థిగా నిలబడ్డాడు. బృహదారణ్యకంలోనూ ఇదే కథ ఉంది. అక్కడ తండ్రి, పద ఇద్దరం వెళ్లి నేర్చుకుందాం అంటే కొడుకు, మీరే వెళ్లండి అంటాడు. అవమానం ఇంకా చల్లారలేదు పాపం.

సభలో అడిగిన ఐదు ప్రశ్నలు శిష్యుడిని దాటి గురువు దాకా వెళ్లాయి. గురువు వాటిని తనవిగా తీసుకున్నాడు. ఆ ప్రశ్నలు రాకపోతే పంచాగ్నివిద్య అని రాజు చేసిన ఉపదేశం ఆ ఇంటికి చేరేదే కాదు. గురువు మీద గౌరవం తగ్గిందా? మూడు వేల ఏళ్లకు దగ్గరగా ఆరుణి పేరు ఇంకా తలుచుకుంటున్నారంటే, తెలియదన్న ఆ మాటకూ అందులో వాటా ఉంది.

ప్రశ్నోపనిషత్తులో ఇంకో సందర్భం. ఆరుగురు పిప్పలాదుడి దగ్గరికి సమిధలతో వెళతారు. ఒక ఏడాది నియమంతో ఉండి, ఆ తర్వాత అడగండి, మాకు తెలిస్తే అంతా చెబుతాం అంటాడాయన. తెలిస్తే అన్న షరతు పెట్టుకున్నది గురువే. ఆరోవాడు సుకేశుడు తన ప్రశ్నను ఒక పాత జ్ఞాపకంతో మొదలుపెడతాడు. కోసల రాజకుమారుడు హిరణ్యనాభుడు ఒకప్పుడు వచ్చి పదహారు కళల పురుషుడి గురించి తనను అడిగాడట. నాకు తెలియదు, తెలిస్తే ఎందుకు చెప్పను, అబద్ధం చెప్పేవాడు వేళ్లతో సహా ఎండిపోతాడు అని జవాబిచ్చాడట. రాజకుమారుడు మాట్లాడకుండా రథమెక్కి వెళ్లిపోయాడు. ఆ ప్రశ్నను సుకేశుడు అన్నాళ్లూ మోస్తూనే ఉన్నాడు, ఇప్పుడు గురువు ముందు దించాడు. గీత నాలుగో అధ్యాయం కూడా తత్త్వదర్శుల దగ్గర నేర్చుకునే దారి చెబుతూ నమస్కారం పక్కనే ప్రశ్నను పెట్టింది. శ్రద్ధ ఉన్నవాడు అడగడన్నది తర్వాత తరాలు తమ సౌకర్యం కోసం చేసుకున్న అలవాటు.

అయితే అడగడంలో కూడా తేడాలున్నాయి. సత్యం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలపకుండా ఎదుటివాడిని పడగొట్టడానికే చేసేది వితండ. వాదం ఎవరితో చేయాలో కూడా న్యాయసూత్రాలు చెప్పాయి: శిష్యుడితో, గురువుతో, సహాధ్యాయితో, విద్వాంసుడితో, మేలు కోరేవాడితో, ఎవరిలోనూ అసూయ ఉండకూడదు. ఒక విశ్వవిద్యాలయ శాఖలో ఉండేది ఈ మనుషులే. సెమినార్ హాలుకు ఎవరిని పిలవాలో అంత పాత గ్రంథం రాసి పెట్టింది. జల్ప వితండలను సూత్రకారుడు పూర్తిగా వెలివేయలేదు. మొలకల చుట్టూ ముళ్లకంప వేసినట్టు, దురుద్దేశంతో వచ్చేవాళ్ల నుంచి సత్యాన్ని కాపాడుకోవడానికి వాటిని వాడుకోవచ్చన్నాడు. అంటే ముళ్లకంప బయటివారికి, లోపలివారికి కాదు. వైవాలో బిడ్డలాంటి విద్యార్థిని మీద వితండకు దిగే పరీక్షకుడు కంపను మొలక మీదే పడేస్తున్నాడు. లేని తప్పు అంటగట్టినవాడూ ఓడినట్టేనన్న నియమం అలాంటివారి కోసమే.

వైద్యులు ఇంకా సూటిగా చెప్పారు. చరకసంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయంలో ఒకే విద్య నేర్చినవారి మధ్య చర్చ ఎలా జరగాలో ఉంది. స్నేహంగా జరిగే చర్చ ఒకటి, పోటీగా జరిగేది ఇంకొకటి. స్నేహ చర్చలో నిస్సంకోచంగా మాట్లాడాలి, నిస్సంకోచంగా అడగాలి, అడిగితే స్పష్టంగా చెప్పాలి, ఓడిపోతానేమోనని బెదరకూడదు, ఎదుటివాడు ఓడితే పొంగిపోకూడదు. రోగి ప్రాణం తమ చేతుల్లో ఉన్నవాళ్లు రాసుకున్న నియమాలివి. వాళ్లకు చర్చ అలంకారం కాదు, తప్పు మందు పడకుండా కాపాడే పద్ధతి.

తెలుగు నేలకు ఈ విషయంలో ప్రత్యేకమైన బాధ్యత ఉంది. న్యాయశాస్త్రం మొదలుపెట్టేవారు దేశమంతటా ఈనాటికీ మొదట చేతపట్టే తర్కసంగ్రహం ఆంధ్రుడైన అన్నంభట్టు రాసింది. గుంటూరు, విజయవాడల మధ్య ఉన్న విశ్వవిద్యాలయానికి బౌద్ధ తాత్వికుడు ఆచార్య నాగార్జునుడి పేరు పెట్టుకున్నాం. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరులో నడిపిన పీజీ కేంద్రమే 1976లో ఆ విశ్వవిద్యాలయమైంది. ఆ కేంద్రం నిలదొక్కుకోవడానికి శ్రమించినవారిలో తత్త్వశాస్త్ర ఆచార్యుడు కొత్త సచ్చిదానందమూర్తి ముఖ్యులు. అద్వైతంలో శ్రుతికీ యుక్తికీ ఉన్న సంబంధాన్ని నిలదీసి పరిశీలించిన గ్రంథం ఆయనది. అటువంటి తాత్వికుడి శ్రమ ఉన్న చోట నాగార్జునుడి పేరు వట్టి అలంకారంగా మిగలకూడదు.

నాగార్జునుడి విగ్రహవ్యావర్తని చూడండి. 70 శ్లోకాల చిన్న పుస్తకం. మొదటి 20 శ్లోకాలు పూర్తిగా ఆయన ప్రత్యర్థులవి. ‘అన్నీ స్వభావశూన్యమే అంటున్నావు. అయితే నీ ఈ మాటా శూన్యమే. శూన్యమైన మాట దేన్ని ఖండిస్తుంది?’ అని మొదటి దెబ్బే గుండె మీద కొట్టిస్తాడు. ఆ అభ్యంతరాన్ని బలహీనపరచడు, తనకు అనుకూలంగా మలచుకోడు. ప్రత్యర్థి తానే రాసుకున్నా ఇంతకంటే గట్టిగా రాయలేడు అన్నట్టు రాస్తాడు. ఆ తర్వాతి 50 శ్లోకాల్లో జవాబులు చెబుతాడు. ఈ గ్రంథం మన దేశంలో కనుమరుగై, చైనా, టిబెట్ భాషల అనువాదాల్లో బతికింది. సంస్కృత మూలం రాతప్రతి 1930లలో రాహుల్ సాంకృత్యాయన్‌కు టిబెట్ మఠంలో దొరికింది. ప్రశ్నలతో మొదలయ్యే పుస్తకాన్ని ఇక్కడ పోగొట్టుకున్నాం, అక్కడివారు దాచిపెట్టారు. టిబెట్ మఠాల్లో భిక్షువులు ఇప్పటికీ ముంగిట్లో ఎదురెదురుగా నిలబడి, కూర్చుని, చప్పట్లు చరుస్తూ వాదించే చదువు నడుస్తూనే ఉంది.

ఈ పద్ధతి మన దగ్గర చచ్చిపోయిందనడమూ సరికాదు. 1983లో పుణెలో తత్త్వవేత్తలు దయాకృష్ణ, ఎం.పి. రెగె, ముకుంద లాఠ్ తదితరులు ఒక ప్రయోగం చేశారు. బెర్ట్రండ్ రస్సెల్ తర్కంలోని కొన్ని సమస్యలను సంస్కృతంలో పెట్టి, సంప్రదాయ నైయాయికుల ముందుంచారు. ఇంగ్లిష్‌లో చదివిన తత్త్వవేత్తలు, శాస్త్రం కంఠస్థంగా ఉన్న పండితులు ఒకే గదిలో కూర్చుని వాదించారు. ఆ చర్చలు తర్వాత ‘సంవాద’ పేరుతో అచ్చయ్యాయి. ఆ ప్రయత్నాల్లో పాల్గొన్న కాశీ పండితుడు బదరీనాథ్ శుక్ల ఇంకా సాహసం చేశారు. శరీరం కంటే వేరైన ఆత్మ ఉందని నిరూపించడం న్యాయదర్శనానికి ప్రాణంతో సమానం. జీవితమంతా ఆ దర్శనంలోనే గడిపిన ఆయన, ఆత్మ అనే వేరే ద్రవ్యాన్ని ఒప్పుకోకుండా, దేహంతో, మనస్సుతోనే న్యాయం తన లెక్కలన్నీ సరిపెట్టుకోగలదా అని పరిశీలించి వాదం నడిపారు. ఎదురుగా ప్రశ్నించేవారు నిజాయితీగా ఉంటే, అంత పెద్ద పండితుడు తన ఇంటి పునాదిని తానే తవ్వి చూడడానికి సిద్ధపడ్డాడు. ప్రాంతీయ విశ్వవిద్యాలయాల్లో ఇది జరగకూడదని ఏమీ లేదు. ప్రత్యేక నిధులు అక్కర్లేదు. ఒక గది, ఒక బోర్డు, ముందే పంచిన పదిహేను పేజీలు, వాటిని చదివి వచ్చిన పదిమంది చాలు.

అడ్డుపడుతున్నవి వేరే ఉన్నాయి. వాటిలో మొదటిది భయం. పరిశోధక విద్యార్థి భవిష్యత్తు గైడు సంతకం మీద ఆధారపడి ఉంటుంది. సంతకం పెట్టే చేతిని ప్రశ్నించడం ఎంత కష్టమో ఆ స్థితిలో ఉన్నవారికే తెలుసు. జనకుడి సభలో గార్గి యాజ్ఞవల్క్యుణ్ని అంచెలంచెలుగా అడుగుతూ పోతే, ఇంకా అడిగితే తల తెగిపడుతుందని ఆయన హెచ్చరించాడు. ఆమె ఆగింది. కానీ కాసేపటికి మళ్లీ లేచి, సభ అనుమతి అడిగి, రెండు బాణాల్లాంటి రెండు ప్రశ్నలు పట్టుకుని నిలబడింది. జవాబులు విన్నాక, ఈయనను మీలో ఎవరూ గెలవలేరు అని సభకు తీర్పు చెప్పింది కూడా ఆమే. యాజ్ఞవల్క్యుడి గొప్పతనానికి ముద్ర వేసింది, ఆయన్ను అందరికంటే గట్టిగా అడిగిన మనిషి. హెచ్చరించిన ఆచార్యుడు రెండోసారి ఆమెను అడ్డుకోలేదన్నది మరిచిపోకూడదు.

రెండోది భాష. పల్లెల్లో తెలుగు మాధ్యమంలో చదువుకుని, ఇంటర్, డిగ్రీ దాటి, ఇంట్లో మొట్టమొదటిసారి పీజీ మెట్లెక్కిన పిల్లలు ఈ ప్రాంగణాల్లో నిండుగా ఉన్నారు. ఒక సామాజిక శాస్త్రపు ప్రసంగంలో కౌలు రైతు గురించి స్లయిడ్ మీద ఒక అంకె కనపడితే, అది తప్పని వెనక బెంచీలో ఉన్న కౌలు రైతు కూతురికి వెంటనే తెలుస్తుంది. కౌలు కాగితం మీద ఉండదు, నోటిమాట మీద నడుస్తుంది, సర్వేలో దొరకదు అని చెప్పగలదు. కానీ ఇంగ్లిష్‌లో వాక్యం కూర్చుకునేలోపు సమయం అయిపోతుంది. ఆమె మింగేసిన ప్రశ్న ఆ పరిశోధనను సరిదిద్దేది. నిగ్రహస్థానాల లెక్కలో దాన్ని ఆమె ఓటమిగా రాయకూడదు, అది తెలుగులో అడుగు తల్లీ అని ఒక్కమాట అనని సభ ఓటమి.

ఆచార్యులకు ఒక విన్నపం. ఏడాదికి ఒకసారైనా పూర్తికాని మీ సొంత పనిని మీ విద్యార్థుల ముందు పెట్టండి. వాళ్లకు ముందే కాగితాలు ఇచ్చి, మొదటి అరగంట ప్రశ్నలు వాళ్లకే వదలండి. తెలియనిచోట తెలియదని వాళ్లు వినేలా చెప్పండి. విద్యార్థులకు ఇంకో మాట. శాఖ నోటీసు బోర్డు మీద ప్రీ సబ్మిషన్ ప్రసంగమనో బహిరంగ వైవా అనో కనపడితే, అది మీ సబ్జెక్టు కాకపోయినా వెళ్లి కూర్చోండి. నిబంధనలు మిమ్మల్ని కూడా పిలుస్తున్నాయి. అర్థం కానిది తెలుగులోనే అడగండి. అవతల నిలబడి ఉన్న సీనియర్ అక్కకు మీరు చేయగలిగిన సాయం అదే.